రోజూ పోస్టు వేయాలా, వారానికి మూడు చాలా? చిన్న వ్యాపారాలు ఎంచుకోవలసిన లెక్కా, వేళా

మంగళగిరిలో చేనేత చీరలు అమ్మే ఒక కుటుంబం ఒక రాత్రి దుకాణం కట్టేసి, భోజనాలు ముగించుకుని, పదకొండు గంటలకు ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక చీర ఫోటోలు పెట్టింది. చిలకాకుపచ్చ నూలు చీర, నిజాం అంచు. ఆ రంగులో మగ్గం మీద నుంచి దిగినది అదొక్కటే. ఫోటోలు పెట్టి అందరూ పడుకున్నారు. తెల్లవారి ఫోన్ తీసేసరికి "ఈ చీర ఉందా?" అని అడుగుతూ హైదరాబాద్ నుంచి, బెంగళూరు నుంచి, డల్లాస్ నుంచి మెసేజ్‌లు వరుసగా ఉన్నాయి. ఇద్దరైతే పేజీలో ఉన్న నంబరుకు డబ్బు పంపి స్క్రీన్‌షాట్ కూడా జతచేశారు. ఒకే చీరను ఇద్దరికి ఇవ్వలేరు కాబట్టి ఒకరికి డబ్బు తిరిగి పంపి, క్షమించమని అడిగారు. ఆమె ఆ తరువాత ఆ పేజీలో మరేదీ అడగలేదు. డల్లాస్ నుంచి మధ్యాహ్నం అడిగినావిడకు ఇక్కడి నుంచి జవాబు వెళ్లేసరికి అక్కడ రాత్రయింది, ఆమె ఆసక్తీ చల్లారింది.

లైకులూ మెసేజ్‌లూ మాత్రమే చూస్తే ఆ వేళ బాగా కుదిరిందనే చెప్పాలి. నేను మాత్రం దాన్ని తప్పు వేళ అంటాను, ఎందుకంటే అడిగినవాళ్లకు జవాబు చెప్పవలసిన మనిషి అప్పుడు మెలకువగా లేడు. చిన్న వ్యాపారాల పేజీలు చూసుకునే పనిలో ఉన్నందువల్ల, దుకాణదారులు నన్ను మొదట అడిగేది "రోజుకు ఎన్ని పోస్టులు వేయాలండీ, ఏ టైముకు వేయాలండీ" అనే. ఈ ప్రశ్నకు సాధారణంగా దొరికే జవాబులు కొనేవాళ్లు ఫోన్ ఎప్పుడు తెరుస్తారన్న దాని చుట్టూనే తిరుగుతాయి. దుకాణంలో ఉన్న మనిషికి తీరిక ఎప్పుడు దొరుకుతుందన్నది అంతకంటే ముందు తేల్చుకోవలసిన సంగతి. ఎన్ని పోస్టులు వేయాలన్నది మీరు ఎంతమందికి ఓపిగ్గా జవాబు చెప్పగలరన్న దాన్ని బట్టి ఉండాలి, ఏ వేళ వేయాలన్నది ఆ జవాబులకు మీరు ఎప్పుడు సిద్ధంగా ఉంటారన్న దాన్ని బట్టి ఉండాలి. ఇక్కడ చేసే పోలికలన్నిటికీ నేను పెట్టుకున్న కొలత ఇదే.

ముందు చూసుకోవలసిన రెండు లెక్కలు

మొదటిది మీ సరుకు ఎంత త్వరగా మారుతుందన్నది. కర్రీ పాయింట్‌లో కూరలు రోజూ మారతాయి. చేనేత దుకాణానికి వారంలో రెండు మూడు సార్లు కొత్త చీరలు వస్తాయి. ఏసీలు బాగుచేసే వ్యక్తికీ, దంతవైద్యుడికీ, పెళ్లిళ్ల ఫోటోగ్రాఫర్‌కూ కొత్తగా చెప్పవలసిన విషయం వారానికి ఒకటి దొరికితే ఎక్కువ. సరుకు మారనప్పుడు కూడా పోస్టు రోజూ ఉండి తీరాలని పట్టుబడితే పేజీ శుభోదయం సూక్తులతో నిండిపోతుంది, దుకాణం ఏమి అమ్ముతుందో కొత్తగా వచ్చినవారికి అర్థం కాదు. యజమాని ఫోటో, దుకాణం పేరు వేసి పండుగ పోస్టర్ తయారుచేసి ఇచ్చే యాప్‌లను ఇప్పుడు ప్రతి ఊళ్లోనూ వాడుతున్నారు. సంక్రాంతికీ ఉగాదికీ అలాంటి పోస్టరు పెట్టడం మర్యాద, తప్పకుండా పెట్టవచ్చు. అయితే దాన్ని వారపు పోస్టుల లెక్కలో కలుపుకోవద్దు, ఎందుకంటే ఆ రోజు మీ కస్టమర్ ఫోన్ నిండా అవే పోస్టర్లు ఉంటాయి, మీది ఏదో ఆమెకు గుర్తుండదు.

రెండవది జవాబు చెప్పే శక్తి. ఒక చీర అమ్ముడయ్యే ముందు జరిగే మాటలను దగ్గరగా గమనించండి. "ఉందా?" అని మొదలవుతుంది. తరువాత బ్లౌజ్ ముక్క ఉందా అంటారు. అసలు రంగు ఇదేనా, పగటి వెలుతురులో ఇంకో ఫోటో పెట్టండి అంటారు. కొరియర్ ఖర్చు ఎంత, శుక్రవారం లోపు అందుతుందా, పెద్దావిడకు బరువు కాదు కదా అని అడుగుతారు. ఒక్కొక్కరితో ఐదారు సార్లు మాట్లాడితే తప్ప బేరం తెగదు, అన్నీ అడిగాక కొననివారూ ఉంటారు. దుకాణంలో ఉన్నది ఇద్దరే అయితే, ఒకరు గల్లాపెట్టె దగ్గర ఉండి, మరొకరు ఎదుట కూర్చున్నవారికి చీరలు విప్పి చూపుతున్నప్పుడు ఫోన్ చూసేవారు ఉండరు. రోజుకు పదిమందికి మించి జవాబు చెప్పలేమని తేలినప్పుడు పాతికమందిని రప్పించే పోస్టులు వేస్తే, మిగిలేది జవాబు రాలేదని చిన్నబుచ్చుకున్న పదిహేనుమంది.

ఈ భారాన్ని సగానికి సగం తగ్గించే మార్గం పోస్టులోనే ధర రాయడం. "ధరకు మెసేజ్ చేయండి" అని రాస్తే మెసేజ్‌లు పెరుగుతాయన్నది నిజమే. అయితే అలా వచ్చినవాటిలో చాలావరకు ధర తెలియగానే ఆగిపోయేవే కాబట్టి మీ సమయం వాటికే ఖర్చవుతుంది. ధర, పొడవు, బ్లౌజ్ సంగతి, కొరియర్ ఖర్చు నాలుగు వరుసల్లో రాసిన పేజీకి వచ్చే మెసేజ్‌లు తక్కువైనా అవి కొనే ఉద్దేశంతో వచ్చినవి. వాట్సాప్ బిజినెస్ యాప్ వాడేవారు తరచూ చెప్పే జవాబులను క్విక్ రిప్లైలుగా దాచుకుంటే ఒకే మాటను రోజుకు ఇరవైసార్లు టైపు చేయవలసిన శ్రమ తప్పుతుంది.

రోజూ, వారానికి మూడు, వారానికి ఒకటి, సీజన్‌లో ముమ్మరంగా

రోజూ పోస్టు వేయడం ఎవరికి తగినదంటే, ఈ రోజు సరుకు రేపటికి ఉండనివారికి. కర్రీ పాయింట్, టిఫిన్ సెంటర్, చేపల దుకాణం, పూల దుకాణం ఈ కోవలోకి వస్తాయి. ఉదయం పదిన్నరకు స్టీలు గిన్నెలన్నీ వరుసగా పెట్టి, మూతలు తీసి, పైనుంచి ఒక్క ఫోటో తీసి, కింద "గుత్తివంకాయ, దోసకాయ పప్పు, గోంగూర మటన్, ములక్కాడ చారు" అని రాసి, ధరలు వేసి వాట్సాప్ స్టేటస్‌లో పెట్టడానికి ఐదు నిమిషాలు చాలు. ఇంట్లో ఏమి వండాలో ఇంకా తేల్చుకోని సమయం అది. మధ్యాహ్నం ఒంటిగంటకు అదే ఫోటో పెడితే చూసేవారు ఉంటారు కానీ అప్పటికి వాళ్ల అన్నం అయిపోతుంది. స్టేటస్ 24 గంటల్లో దానంతటదే పోతుంది కాబట్టి నిన్నటి కూరలు చూసి ఈ రోజు వచ్చేవారి ఇబ్బంది కూడా ఉండదు. ఇలాంటి వ్యాపారానికి ఇన్‌స్టాగ్రామ్‌లో అందమైన రీల్ నెలకు ఒకటి రెండు ఉన్నా ఫర్వాలేదు, రోజువారీ స్టేటస్ తప్పితే మాత్రం ఆ రోజు గిన్నెల్లో మిగులు కనిపిస్తుంది.

మిగిలిన వ్యాపారాలు రోజూ వేయాలని మొదలుపెట్టినప్పుడు నేను చూసింది దాదాపు ఒకే తీరు. మొదటి వారం ఉత్సాహం, రెండవ వారం హడావిడిగా తీసిన ఫోటోలు, మూడవ వారం పాత ఫోటోలే మళ్లీ, ఆ తరువాత నెల రోజుల నిశ్శబ్దం. కొనాలనుకున్నవారు పేజీ తెరిచి చివరి పోస్టు ఎప్పటిదో చూసినప్పుడు ఆ నెల నిశ్శబ్దం దుకాణం మూసేశారేమోనన్న అనుమానం కలిగిస్తుంది. అందుకే రోజూ వేయగలరా అని అడిగేవారిని, వరుసగా ఆరు నెలలు వేయగలరా అని నేను తిరిగి అడుగుతాను.

చీరల దుకాణాలు, బొటిక్‌లు, ఇంట్లో కేకులు చేసేవారు, వన్ గ్రామ్ నగలు అమ్మేవారు వారానికి మూడు పోస్టులతో మొదలుపెట్టడం మంచిదని నా సలహా. ఈ మూడింటికీ మూడు పనులు అప్పగించాలి. ఒకటి కొత్త సరుకు చూపాలి. ఒకటి మీ పనితనం చూపాలి, అంటే మగ్గం మీద అంచు ఎలా పడుతుందో, కొత్త నూలు చీరను మొదటిసారి ఎలా ఉతకాలో, గంజి ఎంత పెట్టాలో మీ చేతులతోనే చూపించాలి. మూడవది కస్టమర్లు మిమ్మల్ని పదేపదే అడిగే ప్రశ్నకు జవాబు కావాలి, దీనివల్ల రేపటి మెసేజ్‌లు కొన్ని తగ్గుతాయి. ఇన్‌స్టాగ్రామ్ అధిపతి ఆడమ్ మొస్సేరి 2021లో పేజీ పెంచుకోవాలనుకునేవారికి వారానికి రెండు పోస్టులు, రోజుకు రెండు స్టోరీలు అని ఒక లెక్క చెప్పారు. ఆ తరువాత యాప్ చాలా మారింది కాబట్టి దాన్ని శాసనంగా తీసుకోనక్కరలేదు. అయినా ఫీడ్‌లో నిలిచిపోయేవి కొద్దిగా, 24 గంటల్లో పోయేవి ఎక్కువగా ఉండాలన్న ఆ విభజన చిన్న దుకాణాలకు ఇప్పటికీ బాగా సరిపోతుంది.

వారానికి ఒక్క పోస్టు సేవలు అందించేవారికి చాలు. పన్ను నొప్పి వచ్చినవాళ్లు ఇన్‌స్టాగ్రామ్‌లో వైద్యుడి రీల్ వచ్చేదాకా ఎదురుచూడరు, గూగుల్‌లో వెతుకుతారు. కాబట్టి ఆ వారపు శ్రమలో ఎక్కువ భాగం గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌లో పనివేళలు, ఫోన్ నంబరు, సెలవు రోజులు, ఫోటోలు సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకోవడానికీ, రివ్యూలకు జవాబు రాయడానికీ పోవాలి.

నాలుగో పద్ధతిని మనవాళ్లు తగినంత పట్టించుకోవడం లేదని నాకు అనిపిస్తుంది. మన వ్యాపారాల్లో చాలావాటికి సీజన్ ఉంది. అలాంటప్పుడు ఏడాది పొడవునా ఒకే వేగంతో పోస్టులు వేయడంలో అర్థం లేదు. పచ్చళ్ల వ్యాపారమే తీసుకోండి. ఏప్రిల్, మే నెలల్లో పుల్లటి కాయ మార్కెట్‌కు దిగినప్పుడు ఆవకాయ పెడతారు, ఏడాది అమ్మకంలో పెద్ద భాగం ఆ కొద్ది వారాల్లో తీసుకున్న ఆర్డర్ల మీదే ఆధారపడుతుంది. పచ్చడి సీసాలు తయారయ్యాక పోస్టులు మొదలుపెట్టేవారు సగం అవకాశం పోగొట్టుకుంటారు, ఎందుకంటే ఎన్ని కాయలు కొనాలో ముందే తెలియాలి. కాయ దిగడానికి రెండు మూడు వారాల ముందు బుకింగ్ మొదలైందని చెప్పాలి. ఆ తరువాత రోజూ పోస్టు ఉండవచ్చు. కాయ ఎంపిక ఒక రోజు, కత్తిపీట మీద టెంకతో సహా ముక్క కొట్టడం ఒక రోజు, ముక్కలు తుడిచి లోపలి జీడి, పొర తీయడం ఒక రోజు, ఆవపిండి, కారం, ఉప్పు పాళ్లు ఒక రోజు. మూడవ రోజు జాడీ మూత తీసి తిరగ కలిపేటప్పుడు నూనె పైకి తేలి కనిపించే ఆ అర నిమిషం వీడియో కంటే మంచి ప్రకటన పచ్చడికి మరొకటి లేదు. దాన్ని మరుసటి ఏడాది తీద్దామని వాయిదా వేయకండి. జూలై నుంచి వారానికి ఒకటికి తగ్గించుకుని, మళ్లీ ఉసిరికాయల కాలానికీ, సంక్రాంతి పిండివంటలకూ ముమ్మరం చేయవచ్చు.

కడియం నర్సరీల వంటి మొక్కల వ్యాపారానికీ ఇదే పద్ధతి సరిపోతుంది. తొలకరి పడి జనానికి మొక్కలు నాటాలన్న ఆలోచన కలిగే జూన్, జూలైలలో వారానికి ఐదారు, నడి వేసవిలో ఒకటి చాలు. ఆ ఒకటి కూడా ఎండల్లో మొక్కలను కాపాడుకోవడం గురించి ఉంటే నిరుడు కొన్నవారికి పనికివస్తుంది.

ఏ యాప్‌కు ఎంత

వేళ గురించి మాట్లాడే ముందు ఏ యాప్‌లో వేళకు విలువ ఉందో తెలుసుకోవాలి. వాట్సాప్ స్టేటస్, ఇన్‌స్టాగ్రామ్ స్టోరీ ఒక్క రోజే ఉంటాయి, అందువల్ల అక్కడ గంట తేడా కూడా లెక్కలోకి వస్తుంది. ఇన్‌స్టాగ్రామ్ ఫీడ్ 2016లో, పోస్టులు వచ్చిన వరుసలో చూపడం మాని, చూసేవారి ఆసక్తిని అంచనా వేసి పేర్చే పద్ధతికి మారింది. మీరు ఉదయం వేసిన పోస్టు కొందరికి రాత్రి, కొందరికి మరునాడు కనిపించవచ్చు. రీల్స్ కొన్నిసార్లు వారాల తరబడి కొత్తవారికి వెళుతూనే ఉంటాయి. యూట్యూబ్ అయితే వీడియో పెట్టిన సమయం దీర్ఘకాలంలో దాని ఫలితాన్ని నేరుగా మారుస్తుందని తెలియదని తన సహాయ పేజీల్లోనే చెబుతోంది. దీన్నిబట్టి వేళ గురించి పడే ఆరాటమంతా స్టేటస్‌కూ స్టోరీకీ ఉంచుకుని, రీల్స్, వీడియోల విషయంలో నాణ్యత మీద శ్రద్ధ పెట్టడం మేలు.

మన చిన్న దుకాణాలకు వాట్సాప్ స్టేటస్సే మొదటి ఎంపిక అని నా నిశ్చితాభిప్రాయం, కానీ దానికి ఒక షరతు ఉంది. మీ నంబరు వాళ్ల ఫోన్‌లో సేవ్ అయి ఉంటేనే మీ స్టేటస్ వాళ్లకు కనిపిస్తుంది, మీ దగ్గరా వాళ్ల నంబరు సేవ్ అయి ఉండాలి. ఒకే మాటను చాలామందికి ఒకేసారి పంపడానికి వాడే బ్రాడ్‌కాస్ట్ లిస్ట్ ద్వారా వెళ్లే మెసేజ్ కూడా మీ నంబరు సేవ్ చేసుకున్నవారికే చేరుతుంది, ఒక లిస్టులో 256 మందికి మించి పట్టరు. కాబట్టి బిల్లు ఇచ్చేటప్పుడు "మా నంబరు సేవ్ చేసుకోండమ్మా, కొత్త చీరలు వచ్చినప్పుడు స్టేటస్‌లో పెడతాం" అని ఒక్క మాట చెప్పడం పది పోస్టులకంటే ఎక్కువ పనిచేస్తుంది. స్టేటస్‌లో రోజుకు నాలుగైదు ఫోటోలు దాటకపోవడం మంచిది. పైన కనిపించే గీతలు చుక్కలుగా మారేంత ఎక్కువ పెడితే చూసేవారు మొదటి రెండు చూసి వేలితో పక్కకు జరిపేస్తారు. బ్రాడ్‌కాస్ట్ వారానికి ఒకటి దాటితే బ్లాక్ చేసేవారు మొదలవుతారు, ఒకసారి బ్లాక్ చేసినవారికి మీరు ఇక ఎప్పటికీ కనిపించరు.

ఫేస్‌బుక్‌ను వదిలేయవచ్చా అని కొందరు అడుగుతారు. నలభై దాటిన కస్టమర్లు, జిల్లా కేంద్రాల్లో, మండలాల్లో ఉన్నవారు ఎక్కువగా ఉన్న వ్యాపారం వదలకూడదు. ఇన్‌స్టాగ్రామ్‌లో వేసినదాన్నే అక్కడికీ పంపే వీలుంది కాబట్టి అదనపు శ్రమ కామెంట్లకు జవాబు చెప్పడం వరకే.

ఇక్కడివాళ్లకు ఏ వేళ

ఉదయం, మధ్యాహ్నం, రాత్రి అనే మూడు వేళల్లో ఏది మంచిదన్న ప్రశ్నకు అమ్మే వస్తువును బట్టే జవాబు. తినేదానికి ఆకలి కంటే ముందు వేళ కావాలి. టిఫిన్‌కు ఆరున్నర, భోజనానికి పదిన్నర, మిర్చి బజ్జీ, పునుగులకు సాయంత్రం నాలుగు. ఇంటికి కావలసిన వస్తువులు, చీరలు, పిల్లల బట్టలు ఇంట్లోవాళ్లు ఆఫీసులకూ బడులకూ వెళ్లాక పదకొండు నుంచి ఒంటిగంట మధ్య బాగా చూస్తారు. రాత్రి భోజనాల తరువాత ఎనిమిదిన్నర నుంచి పది వరకు ఫోన్ చూసేవారు ఇంకా ఎక్కువమంది.

ఈ రెండింటిలో ఒకటి ఎంచుకోవలసి వస్తే, దుకాణం పదికి తెరిచి రాత్రి తొమ్మిదికి మూసేవారికి నేను పదకొండు గంటలనే చెబుతాను. దుకాణం ఊడ్చి, దీపం పెట్టి, మొదటి బేరాల కోసం చూస్తున్న ఆ గంటలో చేతిలో ఫోన్ ఉంటుంది, సరుకు ఎదురుగా ఉంటుంది, "పగటి వెలుతురులో ఇంకో ఫోటో" అని అడిగితే గుమ్మంలోకి తెచ్చి తీసి పంపే వీలుంటుంది. రాత్రి తొమ్మిదిన్నరకు చూసేవారు రెట్టింపు ఉన్నా, ట్యూబ్‌లైట్ వెలుగులో మెరూన్ రంగు గోధుమరంగులా కనిపిస్తుంది, చీర దుకాణంలో ఉంటుంది, మీరు ఇంట్లో ఉంటారు. ఇంటి దగ్గరే వ్యాపారం చేసే మహిళలకు దీనికి విరుద్ధంగా రాత్రి వేళే అనుకూలం కావచ్చు, ఎందుకంటే వంట, పిల్లల చదువు అయ్యాక వాళ్లకు తీరిక దొరికేది అప్పుడే.

నెలలో రోజులను బట్టి కూడా తేడా ఉంటుంది. ఒకటో తేదీ నుంచి పది లోపు జీతాలు చేతిలో ఉన్నప్పుడు ఖరీదైన సరుకు చూపి, ఇరవై దాటాక తక్కువ ధరవి, రిపేర్లు, పనితనం వీడియోలు పెట్టడం నేను పాటించే పద్ధతి.

విదేశాల్లో ఉన్న తెలుగువాళ్లకు అమ్ముతుంటే

చేనేత, పచ్చళ్లు, పూతరేకులు, పూజా సామగ్రి అమ్మేవారికి ఇది వేరే లెక్క. మన గడియారం ఏడాదంతా ఒకటే. అమెరికాలో మార్చి రెండో ఆదివారం ఒక గంట ముందుకు, నవంబరు మొదటి ఆదివారం మళ్లీ వెనక్కు జరుపుతారు. కాబట్టి న్యూజెర్సీ మనకు వేసవిలో తొమ్మిదిన్నర గంటలు, చలికాలంలో పదిన్నర గంటలు వెనుక ఉంటుంది. డల్లాస్ దానికంటే ఒక గంట, కాలిఫోర్నియా మూడు గంటలు ఇంకా వెనుక. వేసవిలో మనకు ఉదయం ఏడైనప్పుడు న్యూజెర్సీలో ముందురోజు రాత్రి తొమ్మిదిన్నర, డల్లాస్‌లో ఎనిమిదిన్నర, కాలిఫోర్నియాలో సాయంత్రం ఆరున్నర. ఉద్యోగాల నుంచి వచ్చి, తిని, సోఫాలో కూర్చున్న వేళ అది. ఇక్కడ మీరు కాఫీ తాగి కూర్చున్న వేళ కూడా అదే. రెండు తీరికలు కలిసే గంట ఇదొక్కటే కాబట్టి అమెరికా కస్టమర్ల కోసం ఉదయం ఆరున్నర నుంచి ఎనిమిది వరకు నాకు అన్నిటికంటే నచ్చిన వేళ. ఆదివారం ఉదయం మనకు అయితే వాళ్లకు శనివారం రాత్రి, తీరిక ఇంకాస్త ఎక్కువ.

రెండవ ఎంపిక మన శనివారం రాత్రి ఎనిమిదిన్నర. అక్కడ న్యూజెర్సీలో వేసవిలో శనివారం ఉదయం పదకొండు. అది కూడా మంచిదే, కానీ ఇక్కడ పదిన్నర వరకు ఎవరో ఒకరు ఫోన్ దగ్గర కూర్చోవాలి. మొదట చెప్పిన మంగళగిరి దుకాణం ఇప్పుడు ఒక్కటే ఉన్న చీరలను ఉదయం ఏడింటికే పెడుతుంది. మొదట మెసేజ్ చేసినవారికి పది నిమిషాలు ఆ చీర ఆపి ఉంచుతామని పోస్టులోనే రాస్తుంది, డబ్బు పంపే నంబరు పేజీ మీద నుంచి తీసేసి, చీర ఖాయమయ్యాకే ఇస్తుంది.

గల్ఫ్‌లో ఉన్నవారి విషయంలో ఇబ్బంది లేదు. దుబాయ్ మనకు గంటన్నర, కువైట్, ఖతార్ రెండున్నర గంటలు వెనుక, మన రాత్రి తొమ్మిది వాళ్ల సాయంత్రమే. సిడ్నీ, మెల్‌బోర్న్ మనకంటే ముందుంటాయి కాబట్టి వాళ్లకు మన మధ్యాహ్నం మూడు, నాలుగు గంటలు సరిపోతాయి. మూడు ఖండాలకూ ఒకే పోస్టు ఒకే వేళకు పనిచేయాలని చూడకండి. మీ ఆర్డర్ల పుస్తకం తీసి చివరి యాభై పార్సిళ్లు ఎక్కడికి వెళ్లాయో లెక్కపెట్టి, ఎక్కువ వెళ్లిన చోటును ముందు ఎంచుకోండి.

పంచాంగం చూసి

ఏ దేశపు మార్గదర్శకంలోనూ దొరకని ఒక లెక్క మనకు ఉంది. ఆషాఢంలో బట్టల దుకాణాలు తగ్గింపు ధరలతో అమ్ముతాయి, శ్రావణంలో వరలక్ష్మీ వ్రతానికీ పెళ్లిళ్లకూ కొంటారు. మూఢం ఉన్న రోజుల్లో, ధనుర్మాసంలో పెళ్లిళ్లు ఉండవు, అందువల్ల పెళ్లి పట్టుచీరలు చూసేవారు తగ్గుతారు. అమావాస్య నాడు కొత్త వస్తువు కొనడానికి ఇష్టపడనివారు ఇప్పటికీ చాలామంది ఉన్నారు, ఆ రోజు కొత్త సరుకుకు బదులు పనితనం వీడియో పెట్టడం తెలివైన పని. వ్రతం చీర వ్రతం రోజున కొనరు. కుట్టు పని కూడా ఉంటుంది కాబట్టి మూడు వారాల ముందే చూపాలి. విదేశాలకు పంపేవారు దానికి కొరియర్ రోజులు కూడా కలుపుకోవాలి.

మీ వేళను మీరే తేల్చుకోవడం

ఇన్‌స్టాగ్రామ్‌లో ప్రొఫెషనల్ ఖాతాగా మార్చుకుంటే ఇన్‌సైట్స్‌లో మీ ఫాలోవర్లు ఏ రోజు, ఏ గంటల్లో ఎక్కువగా ఉంటారో కనిపిస్తుంది. యూట్యూబ్ స్టూడియోలోనూ అలాంటి పట్టిక ఉంది. అది చూసి రెండు వేళలు ఎంచుకుని, రెండు వారాలు ఒక వేళ, మరో రెండు వారాలు రెండో వేళ ప్రయత్నించండి. ఒకే రకం సరుకు, దగ్గరదగ్గరగా ఉన్న ధరలు పెట్టండి. గల్లాపెట్టె దగ్గర ఉన్న నోటుపుస్తకంలో మూడే అంకెలు రాయండి: ఎంతమంది అడిగారు, ఎంతమందికి గంటలోపు జవాబు చెప్పారు, ఎంతమంది కొన్నారు. లైకులు రాయనక్కరలేదు. ఆషాఢంలో రెండు వారాలు, శ్రావణంలో రెండు వారాలు పోల్చితే మాత్రం ఆ పరీక్ష దేనికీ పనికిరాదు, అప్పుడు మీరు చూస్తున్నది మాసాల తేడా.

అడిగినవారి సంఖ్య పెరిగి, గంటలోపు జవాబు అందినవారి సంఖ్య పెరగకపోతే పోస్టులు తగ్గించండి. ఈ సలహా విని ఆశ్చర్యపోయిన దుకాణదారులు ఉన్నారు. వారానికి ఐదు నుంచి మూడుకు తగ్గించాక అమ్మకం తగ్గలేదని, రాత్రిళ్లు ఫోన్ పట్టుకుని కూర్చోవడం తగ్గిందని వాళ్లే తరువాత చెప్పారు.

ముందుగా షెడ్యూల్ చేసి పెట్టడం

ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ పేజీలను ఒకేచోట చూసుకునే మెటా బిజినెస్ సూట్‌లో గానీ, ఇన్‌స్టాగ్రామ్ యాప్‌లోనే గానీ పోస్టులను ముందుగా షెడ్యూల్ చేసి పెట్టవచ్చు. ఆదివారం సాయంత్రం కూర్చుని వారానికి సరిపడా సిద్ధం చేసుకోవడం రోజూ హడావిడి పడటం కంటే చాలా మేలు, ఫోటోలూ బాగుంటాయి, రాతలో తప్పులూ తగ్గుతాయి. ఒకే ఒక్కటి ఉన్న సరుకును మాత్రం షెడ్యూల్ చేయకూడదు, ఈలోగా దుకాణానికి వచ్చినవారు దాన్ని కొనేసి ఉండవచ్చు.

నేను చేసిన ఒక పొరపాటు కూడా ఇక్కడ చెప్పాలి. 2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో బుడమేరు పొంగి విజయవాడలో సింగ్ నగర్ చుట్టుపక్కల ఇళ్లు నీళ్లలో ఉన్నాయి. ఆ నెల ఏడున వినాయక చవితి. ఒక బట్టల దుకాణం కోసం చవితి ఆఫర్ పోస్టులను అంతకుముందు వారమే షెడ్యూల్ చేసి ఉంచాను. వరద సంగతుల్లో పడి వాటిని ఆపడం మరిచిపోయాను. మేడల మీద పాలు, మంచినీళ్ల కోసం ఎదురుచూస్తున్న జనం ఉన్న ఊళ్లో, ఆ దుకాణం పేజీ మీద రంగురంగుల అక్షరాలతో తగ్గింపు ధరల ప్రకటన సరిగ్గా ఉదయం పదకొండుకు వెళ్లింది. "మా ఇంట్లోకి నడుము లోతు నీళ్లు వచ్చాయి, మీకు ఇప్పుడు ఇదా" అని ఒక పాత కస్టమర్ కింద రాశారు. పోస్టు తీసేశాం, యజమాని ఆవిడకు స్వయంగా ఫోన్ చేశారు. ఆవిడ మాట నాకు ఇప్పటికీ గుర్తుంది.

అప్పటినుంచి ఎన్ని పేజీలు చూస్తున్నా, ఉదయం ఫోన్ తీయగానే ఊరి వార్తలు ఒకసారి చూసి, ఆ రోజు వెళ్లవలసిన పోస్టులను ఒక్కొక్కటి తెరిచి చదివి, వెళ్లదగినవాటినే వదులుతున్నాను. దానికి నాకు పదిహేను నిమిషాలు పడుతుంది. ఒక్క దుకాణం ఉన్నవారికి రెండు నిమిషాలు కూడా పట్టదు.